మూడాకుల అడవిలో నాలుగు రోజులు

మొదటి రోజు

పొద్దున ఆరింటికే పులిహోర కలిపి, సకినాల డబ్బా వెనక సీట్లో పెట్టుకుని అమ్మా నేనూ బయల్దేరాం. మా ఆయనకి సెలవు దొరకలేదు. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. అక్కడి నుంచి గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్‌కి కొన్ని గంటల ప్రయాణం. ఇంతకుముందు రెండుసార్లు అందరిలాగే అక్టోబరులో, ఆకుల రంగులు చూడ్డానికి వెళ్లొచ్చాం. ఆ కొండల అసలు పండగ ఏప్రిల్‌లో అని మా పెరట్లో అడవి మొక్కలు పెట్టడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది. ఫిబ్రవరిలో అమ్మ హనుమకొండ నుంచి వచ్చినప్పుడే అనుకున్నాను, ఈసారి ఆమెను అడవికి తీసుకెళ్లాలని.

"పూలు చూసేటందుకు గింత దూరం పోవాల్నా?" అంది అమ్మ సీటు బెల్టు పెట్టుకుంటూ.

ఆమె అడగడంలో తప్పేం లేదు. అడవి పూలు ఆమెకి కొత్త కాదు. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు కోసం తెల్లారకముందే చేన్ల గట్ల వెంట తిరిగిన మనిషి. చిన్నప్పుడు నన్నూ వెంటేసుకుని వెళ్లేది. సంచి నిండా తెంపుకొచ్చేవాళ్లం. పువ్వంటే తెంపేది, పేర్చేది, ఆడాక చెరువులో సాగనంపేది. అట్లా పెరిగినదాన్ని. తెంపకుండా చూసి రావాల్సిన పూలు కూడా ఉంటాయని ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. ఆ సంగతి కారులో చెప్తే అమ్మకి ఎక్కదు. చూస్తే తనకే తెలుస్తుందిలే అనుకుని ఊరుకున్నాను.

క్లేటన్ దాకా రోడ్డు పక్క చెట్ల మీద బూడిద రంగు తీగలు పాత వలల్లా వేలాడుతూనే ఉన్నాయి. ఎండిపోయాయనుకుంది అమ్మ. ఎండలేదు. అది కుడ్జు. జపాన్ తీగ. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ముచ్చటగా చూపించారు. 1930ల్లో మట్టి కొట్టుకుపోకుండా ఆపుతుందని ప్రభుత్వమే రైతులచేత నాటించింది. ఇప్పుడు ఎండాకాలం వస్తే చెట్టుకు చెట్టునే కప్పేసి ఊపిరాడనివ్వదు. "మన వయ్యారిభామ లెక్క" అంది అమ్మ. సరిగ్గా చెప్పింది. వయ్యారిభామ అమెరికా ఖండం నుంచే మన చేలల్లోకి వచ్చింది. ఎక్కడి మొక్క అక్కడ ఉంటే మందు, ఊరు మారితే కంప.

మధ్యాహ్నానికి చెరోకీ ఊరు దాటి ఒకొనలఫ్టీ విజిటర్ సెంటర్ చేరాం. పార్కుకి ప్రవేశ రుసుం లేదు గానీ, పావుగంటకి మించి బండి ఆపాలంటే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. వారానికి 15 డాలర్లు. 1934లో ఏర్పడిన పార్కు ఇది. సగం నార్త్ కరోలినాలో, సగం టెన్నెసీలో ఉంటుంది. పూచే మొక్కలే 1,500 రకాలకు పైగా ఉన్నాయి. అందుకే దీన్ని వైల్డ్‌ఫ్లవర్ నేషనల్ పార్క్ అంటారు. అవతలి వైపు గాట్లిన్‌బర్గ్‌లో 1951లో మొదలైన పూల ఉత్సవానికి ఏకంగా 'పిల్‌గ్రిమేజ్' అనే పేరు పెట్టుకున్నారు. అంటే తీర్థయాత్రే అని చెప్పాను. అమ్మ మొహంలో మొదటిసారి కాస్త ఆసక్తి కనిపించింది.

5,046 అడుగుల ఎత్తున న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమలో ఆగాం. చలి కొరికేస్తోంది. చెట్లన్నీ మోడులే, ఒక్క చిగురు లేదు. అమ్మ శాలువా తల మీంచి కప్పుకుని "ఏవే పూలు?" అన్నట్టు చూసింది. కాలిబాట అంచున వంగి చూపించాను. ఎండుటాకుల మధ్య చిటికెన వేలి గోరంత తెల్ల పువ్వు, రేకుల మీద గులాబి గీతలు. స్ప్రింగ్ బ్యూటీ. చలికి సగం ముడుచుకుని ఉంది. ఇదే పువ్వు జాతిలో ఇంకొకటి మా పెరట్లో మార్చి మొదట్లోనే పూసి అయిపోయింది. ఆ పువ్వు పుప్పొడినే నమ్ముకుని బతికే చిన్న తేనెటీగ ఒకటుంది. నేల బొరియల్లో ఉంటుంది. మార్చిలో ఓ మధ్యాహ్నం నేను బోర్లా పడుకుని చూశాను. వెనక కాళ్లకి లేత గులాబి పుప్పొడి ముద్ద అంటించుకుని పువ్వు నుంచి పువ్వుకి పోతోంది, గులాల్ ఆడి వచ్చిన పిల్లలా. ఆ నాలుగైదు వారాలు పువ్వు లేకపోతే ఆ ఈగ లేదు.

గ్యాప్ నుంచి గాట్లిన్‌బర్గ్‌కి దిగుతుంటే ఒక్కో మలుపుకీ ఆకుపచ్చ పెరిగింది. కింద డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా విరగబూసి ఉన్నాయి. నెలన్నర కాలాన్ని ముప్పావు గంటలో దిగొచ్చాం.

రెండో రోజు

ఈ రోజు గురించే ఎక్కువ రాయాలి.

గాట్లిన్‌బర్గ్‌కి తూర్పున ఆరు మైళ్లలో గ్రీన్‌బ్రయర్. అక్కడి నుంచి ఏటి వెంబడి కంకర రోడ్డు, దాని చివర పోర్టర్స్ క్రీక్ బాట. జలపాతం దాకా పోయి రావడానికి నాలుగు మైళ్లు. అరవై ఐదేళ్ల అమ్మ మోకాళ్లు ఏమంటాయో అని నాకు లోపల టెన్షనే. ఆమె మాత్రం చీర కొంగు నడుముకి బిగించి, షూలు తొడుక్కుని, నాకంటే ముందే నడిచింది.

మొదటి మైలంతా పాత ఊరి దారి. పార్కు రాకముందు ఇక్కడ రైతులు ఉండేవాళ్లు. నాచు పట్టిన రాతి గోడలు, ఇల్లు లేని మెట్లు, ఓ చిన్న శ్మశానం మిగిలాయి. మొక్కజొన్న పండిన చోట ఇప్పుడు ట్యులిప్ పోప్లర్లు నిటారుగా లేచి ఉన్నాయి. నడుమ నడుమ ఎండి తెల్లబడ్డ హెమ్లాక్ మోడులు. 2002లో ఈ పార్కులో కనిపించిన ఓ పేనుబంక లాంటి పురుగు వాటిని పీల్చి చంపుతోంది. అది కూడా ఆసియా నుంచి వచ్చిందే.

చెట్ల కొమ్మలకి ఆకు ఇంకా పూర్తిగా రాలేదు. అదే ఈ పూల రహస్యం. చలి తగ్గి, పైన చెట్లు ఆకు తొడిగేలోపు నేల మీద ఎండ పడే రోజులు ఇక్కడ ఓ ఆరేడు వారాలుంటాయి. ఆ కాస్త కాలంలోనే ఈ మొక్కలు లేవాలి, పూయాలి, ఈగల్ని పిలవాలి, కాయాలి, వచ్చే ఏటికి సరిపడా తిండి దుంపలో దాచుకోవాలి. జూన్‌లో వస్తే వీటిలో చాలావాటికి ఆకు జాడ కూడా ఉండదు. మన దగ్గర తొలకరి పడగానే లేచే గడ్డిపూలకి వాన ఎట్లాగో, వీటికి వెలుతురు అట్లా.

మొదటి ట్రిలియం కనపడగానే అమ్మే ఆగింది.

"గిది మారేడు పత్రి లెక్కనే ఉన్నది గదే!"

అప్పటిదాకా ఎన్నో పుస్తకాల్లో దాని బొమ్మలు చూశాను గానీ ఆ పోలిక నాకెన్నడూ తట్టలేదు. ఒక్క కాడ, కాడ మీద మూడు ఆకులు, ఆకుల పైన మూడు పచ్చటి రక్షక పత్రాలు, వాటి మీద మూడు రేకులు. అన్నీ మూడే. అమ్మ చూసింది పసుపు ట్రిలియం. దాని రేకులు విచ్చుకోవు, దీపపు ఒత్తుల్లా నిలబడి ఉంటాయి. ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు. "వాసన చూడమ్మా" అన్నాను. ఒక చేత్తో నా భుజం పట్టుకుని నెమ్మదిగా వంగింది. లేచి నా మొహంలోకి చూసి "నిమ్మకాయ!" అంది. నిజంగానే నిమ్మ వాసన. ఈ చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా కనిపించే రకం ఇది.

ఆమె చెయ్యి అలవాటుగా కాడ మీదికి పోయింది.

"తెంపొద్దమ్మా."

"ఒక్కటి తెంపితే ఏమైతది? శివునికి పెట్టుకుంట. తంగేడు ఎన్నిసార్లు తెంపలేదు, మల్ల చిగురు పెట్టలేదా?"

పార్కులో పువ్వు తెంపడం నేరమని చెప్పొచ్చు. అమ్మకి ఆ జవాబు సరిపోదని తెలుసు. ఆ పక్కనే రాయి మీద కూర్చోబెట్టి చెప్పాను. తంగేడు పొద. కొమ్మ పోతే పక్క కణుపు నుంచి ఇంకో కొమ్మ వస్తుంది. దీనికి ఏడాది మొత్తానికీ ఉండేవి ఆ మూడు ఆకులే. అవి పోతే ఇంకో ఆకు రాదు, దుంపకి ఆ ఏడాది తిండి లేదు. కొన్ని చచ్చిపోతాయి, కొన్ని కోలుకుని మళ్లీ పూయడానికి ఏళ్లు పడుతుంది. అసలు విత్తనం నుంచి మొదటి పువ్వు రావడానికే ఏడేళ్ల దాకా పడుతుంది. విత్తనం రాలిన తర్వాత మొదటి చలికాలం గడిచాక మట్టి లోపలే వేరు పోస్తుంది, పైకి ఏమీ కనపడదు. రెండో చలికాలం గడిచాక ఒక్క సన్నటి ఆకు. ఆ తర్వాత కొన్నేళ్లు ఒంటాకుతోనే. దుంప బలపడ్డాక మూడాకులు. ఆ పైన ఎప్పుడో పువ్వు.

"ఏడేండ్లా!" అంది అమ్మ. "ఏడేండ్లకు పిల్ల రెండో తరగతి సదువుతది."

చుట్టూ వెతికి చూపించాను. పెద్ద మొక్క దగ్గర ఎండుటాకుల్లోంచి చూపుడువేలంత ఒంటాకులు ఐదారు, వాటికి కొంచెం అవతల పువ్వు లేని మూడాకుల పిల్లలు. ఒక్క గజం నేలలో ఏడేళ్ల వయసులన్నీ ఉన్నాయి. అమ్మ ఒంటాకుని వేలితో తడిమి, దాని మీద పడ్డ ఎండుటాకు తీసి పక్కన పెట్టింది. "మరి గింత దూరం గింజ ఎట్ల వచ్చింది?" అనడిగింది.

చీమలు తెచ్చాయి. ట్రిలియం గింజకి ఒక పక్కన తెల్లటి కొవ్వు ముద్ద అంటుకుని ఉంటుంది. చీమలు గింజని పుట్టలోకి మోసుకుపోయి, కొవ్వు తినేసి, గింజని తమ చెత్తకుప్పలో పారేస్తాయి. ఆ చెత్తకుప్ప మట్టి మెత్తగా, బలంగా ఉంటుంది. గింజ అక్కడే మొలుస్తుంది. బ్లడ్‌రూట్, స్ప్రింగ్ బ్యూటీ, ఇక్కడి అడవి వయొలెట్లు కూడా ఇట్లా చీమల్ని నమ్ముకున్నవే. ఇంటి ముందు బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమలకి తిండి అనే మాట వింటూ పెరిగాం. ఇక్కడ అడవే చీమలకి తిండి పెట్టి పని చేయించుకుంటోంది.

మైలున్నర దగ్గర ఏటి మీద దుంగ వంతెన. పెద్ద మానుని పైభాగం చదును చేసి వేశారు, చేతి ఆసరా ఒక వైపే. కింద నీళ్లు రాళ్లని కొడుతూ పోతున్నాయి. అమ్మ రెండు చేతులతో ఆ కర్రని పట్టుకుని, పక్కవాటుగా, ఒక్కో అడుగూ జరుపుతూ దాటింది. నా ఊపిరి నాకు వినపడింది. అవతలి గట్టు ఎక్కి నాలుగు మలుపులు తిరిగామో లేదో, ఎదురుగా కొండవాలు మొత్తం తెల్లగా ఉంది.

ఫ్రింజ్డ్ ఫసీలియా. ఒక్కో పువ్వు చిన్న గిన్నెలా, మన చొక్కా గుండీ అంత. రేకుల అంచులు కత్తెరతో సన్నగా కత్తిరించినట్టు పోగులు పోగులుగా ఉంటాయి. బాట పక్క నుంచి పైన రాళ్ల దాకా, పడిపోయిన మానుల మీద కూడా, నేల కనపడకుండా పూసింది. జొన్న పేలాలు కొండంతా ఆరబోసినట్టుంది. దక్షిణ అప్పలాచియన్ కొండల్లో తప్ప ఇది ఇంకెక్కడా లేదు. ట్రిలియంలా దుంప జాతి కాదు, ఏడాది మొక్క. శరదృతువులో మొలిచి, చలికాలమంతా నేలకి అంటుకుని ఉండి, ఏప్రిల్‌లో పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. ఏడేళ్లు ఆగేదీ, ఏడాదిలో అయిపోయేదీ ఒకే వాలు మీద భుజం భుజం రాసుకుని ఉన్నాయి.

ఆ తెలుపు మధ్యలో ఒకాయన ఫోటో కోసం బాట దిగి నాలుగడుగులు లోపలికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన వెళ్లాక ఆ నాలుగు అడుగులూ అట్లాగే మిగిలాయి, నలిగి, మట్టికి అతుక్కుని. వాటిలో గింజ పట్టదు. నాకు కడుపులో దేవినట్టయింది. అమ్మ ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని, బాట మధ్యలోకి జరిగి నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు కూడా అంచు తొక్కలేదు.

జలపాతం దగ్గర పులిహోర తిన్నాం. అరవై అడుగుల నుంచి నీళ్లు రాతి మీద జారుతున్నాయి. పెద్ద తెల్ల ట్రిలియంలు అక్కడ గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఇవి విచ్చుకుని పూస్తాయి, ముదిరేకొద్దీ తెలుపు గులాబి రంగుకి తిరుగుతుంది. పసుపువి చూసినంత ఇష్టంగా అమ్మ వీటిని చూడలేదు. మారేడు పోలిక దొరికిన పువ్వే ఆమె పువ్వు అయిపోయింది.

మూడో రోజు

వాన. పొద్దున కాసేపు తెరిపిస్తే చిమ్నీస్ పిక్నిక్ ఏరియా దగ్గరి కోవ్ హార్డ్‌వుడ్ బాటకి వెళ్లాం. ముప్పావు మైలు చుట్టు. ఎక్కువమంది తినడానికే ఆగే చోటు. దాని వెనకే గొడ్డలి ఎరగని మేపుల్, బాస్‌వుడ్, బకై మానులున్నాయి.

అక్కడ నేను వెతికింది జాక్-ఇన్-ద-పల్పిట్. ఆకుపచ్చ గొట్టం, దాని మీద గొడుగులా వంగిన మూత, లోపల నిలబడ్డ కాడ. నేను మూతని వేలితో ఎత్తి చూపించగానే అమ్మ నవ్వింది. "గిది కంద జాతే. ముట్టకు, చెయ్యి దురద పెడతది." చూడగానే కనిపెట్టేసింది. కంద, చేమ, ఇది ఒకే కుటుంబం. దురదకి కారణం కూడా ఒకటే, లోపల సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మనం సామెత చెప్పుకునే దురదే ఇక్కడి ఆదివాసులకీ తెలుసు. వాళ్లు ఈ దుంపని నెలల తరబడి ఎండబెట్టి, ఆ దురద విరిగాకే తినేవాళ్లు. మనం చింతపండు వేసి ఉడకబెడతాం.

ఈ మొక్కలో ఇంకో వింత ఉంది. చిన్నగా ఉన్నప్పుడు మగ పువ్వు పూస్తుంది. దుంప బాగా ఊరాక ఆడ పువ్వు. కాయ కాసి నీరసపడితే మళ్లీ మరుసటి ఏడు మగదవుతుంది. మగ గొట్టం అడుగున చిన్న సందు ఉంటుంది. లోపలికి జారిన చిన్న దోమల్లాంటి పురుగులు పుప్పొడి పూసుకుని అందులోంచి బయటపడతాయి. ఆడ గొట్టానికి ఆ సందు లేదు. పుప్పొడి తెచ్చిన పురుగు చాలాసార్లు అందులోనే చచ్చిపోతుంది. ఇది చెప్పినప్పుడు అమ్మ మూతని నా చేతిలోంచి మెల్లగా విడిపించి, మళ్లీ దాని స్థానంలో ఉంచింది.

పదకొండుకల్లా వాన జోరందుకుంది. రూముకి వచ్చి సకినాలు తింటూ కూర్చున్నాం. అప్పుడు అడిగింది అమ్మ, "నీ పెరట్ల గివన్నీ ఎట్ల పెట్టినవే?" అని. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగింది. దాచకుండా చెప్పాను, ముందు చేసిన తప్పుతో సహా.

ఆరేళ్ల కిందట ఇంటర్నెట్‌లో ఒక చోట పది ట్రిలియం దుంపలు ఇరవై డాలర్లకే అని చూసి తెప్పించాను. ఎండిపోయిన అల్లం ముక్కల్లా వచ్చాయి. ఒక్కటి మొలవలేదు. ఏడేళ్లు పెంచాల్సిన మొక్కని ఎవరైనా రెండు డాలర్లకి ఎట్లా అమ్మగలరు? అడవిలోంచి తవ్వుకొస్తేనే. ఆ మాట ఆనాడు నాకు తట్టలేదు. డబ్బు పోయిందని కాదు, ఏ కొండ మీదో నా కోసం పది మొక్కలు పోయాయని ఇప్పటికీ బాధ. అప్పటి నుంచి కొనేముందు ఒక్క ప్రశ్న అడుగుతాను. 'నర్సరీ గ్రోన్' అని రాసి ఉంటే సరిపోదు, అడవి నుంచి తెచ్చి నాలుగు నెలలు కుండీలో ఉంచినదాన్ని కూడా అట్లాగే పిలవొచ్చు. 'నర్సరీ ప్రాపగేటెడ్' అయి ఉండాలి. అంటే విత్తనం నుంచో పిలక నుంచో నర్సరీలోనే పుట్టినది. రాజ్‌వెల్‌లోని చాటహూచీ నేచర్ సెంటర్‌లో, ఏథెన్స్‌లోని స్టేట్ బొటానికల్ గార్డెన్‌లో ఇట్లాంటివి అమ్ముతారు. ధర ఎక్కువే. ఉండాలి కూడా.

ఇంకో దారి కూడా ఉంది. జార్జియా నేటివ్ ప్లాంట్ సొసైటీ వాళ్లు, బుల్డోజర్ రాబోతున్న స్థలాల నుంచి యజమాని అనుమతితో మొక్కల్ని తవ్వి కాపాడతారు. నేను సభ్యత్వం తీసుకుని వాళ్లతో వెళ్లాను. మా మేయాపిల్, కొన్ని బ్లడ్‌రూట్ దుంపలు అట్లా వచ్చినవే. మేమంతా వరసగా పార పట్టుకుని ఓ ఓక్ చెట్టు కింద తవ్వుతుంటే, నెల తర్వాత అక్కడ రోడ్డు పడబోతోందన్న ఆలోచనే చేతుల్ని తొందరపెట్టింది.

పెంచడం మాత్రం నేను భయపడ్డంత కష్టం కాదు. మాది జార్జియా ఎర్ర బంకమట్టి, వాన పడితే జిగురు, ఎండితే ఇటుక. దాన్ని తిరగతవ్వి ఏదో చేయాలని మొదట చూశాను. అక్కర్లేదు. ఓక్ చెట్ల కింద ఆకుల్ని ఊడ్చకుండా వదిలేస్తే రెండేళ్లకి అవే నల్లగా మెత్తబడతాయి. దుంపని అంగుళం రెండంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టి, మీద ఆకులు కప్పితే చాలు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు. ఎరువు అసలు వద్దు. జింకలు ట్రిలియం మొగ్గని మిఠాయిలా తింటాయి, కాబట్టి ఇనుప జాలీ గూడు. బ్లడ్‌రూట్ గింజ ఎండనివ్వకూడదు, కాయ పగిలిన రోజే మట్టిలో వేసేయాలి. పొట్లం కట్టి దాచితే మొలక నమ్మకం లేదు.

ఆకులు ఊడ్వనందుకు మా కాలనీ అసోసియేషన్ నుంచి రెండుసార్లు ఉత్తరం వచ్చింది. ఆ ఆకుల కింద గొంగళిపురుగులు ప్యూపాలుగా చలికాలం గడుపుతాయి, మిణుగురు పిల్లలు పెరుగుతాయి. డెలావేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డగ్లస్ టాలమీ లెక్క ప్రకారం ఒక చికడీ పిట్టల జంట ఒక్క గూటి పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలి. ఉత్తరాలు రాసేవాళ్లకి ఈ లెక్క పంపాను, కదల్లేదు. చివరికి ఆ నేల ముక్క చుట్టూ ఏటి రాళ్లు వరసగా పేర్చి, ముందు చిన్న బోర్డు పెట్టాను. లోపల ఉన్నది మారలేదు, హద్దు కనపడింది. ఆ తర్వాత ఉత్తరం రాలేదు. ఇదే ఇబ్బంది పడుతున్న తెలుగువాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, ముందు అంచు చక్కబెట్టమని వాళ్లకి చెప్తుంటాను.

"ఎండుటాకులకు గింత లడాయి చేసినవా!" అంది అమ్మ. ఆ గొంతులో మెచ్చుకోలు ఉంది.

నాలుగో రోజు

తిరుగు దారి. కువోహి శిఖరం మబ్బులో మునిగి ఉంది, పైకి పోలేదు. క్లింగ్‌మన్స్ డోమ్ అని పిలిచిన ఆ శిఖరానికి 2024లో, ఈ కొండల ఆదివాసులైన చెరోకీల పాత పేరు తిరిగి వచ్చింది. మల్బరీల చోటు అని అర్థం.

చెరోకీలో క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అనే చేతిపనివాళ్ల సహకార సంఘం ఉంది, 1946 నాటిది. అక్కడ నది వెదురుతో అల్లిన బుట్టలు చూశాం. గోధుమ నలుపు గళ్లు వాల్‌నట్ నుంచి. నారింజ ఎరుపు గళ్లు దేని నుంచో చెప్పమని అమ్మని అడిగాను. బ్లడ్‌రూట్. మార్చిలో మా పెరట్లో ఆమె చూసిన తెల్ల పువ్వే. ఒక్క ఆకుని శాలువాలా చుట్టుకుని లేచి, రెండు మూడు రోజుల్లో రేకులు రాల్చేసే పువ్వు. దాని దుంప గిల్లితే ఎర్రటి పాలు కారుతాయి. అమ్మ బుట్ట అంచు మీద బొటనవేలు చాలాసేపు కదిపింది. హోలీకి ముందు మోదుగ పూలు ఉడకబెట్టి రంగు తీసిన వేళ్లు అవి. "గిది ఊరికె రాదు. ఎన్ని దుంపలు తవ్వితే గింత రంగు!" అంది.

1838లో చెరోకీల్లో ఎక్కువమందిని సైన్యం ఇక్కడి నుంచి పడమటికి తరిమేసింది. మిగిలినవాళ్ల సంతతే ఇక్కడి ఈస్టర్న్ బ్యాండ్ అనే చెరోకీ తెగ. అడవి వాళ్లది, తర్వాత పార్కు అయింది, కూర తెంపుకోవడం కూడా కుదరకుండా పోయింది. 2019లో నేషనల్ పార్క్ సర్వీస్‌తో ఒప్పందం అయ్యాక, సోచన్ అనే ఆకుకూరని పర్మిట్‌తో తెంపుకునే వీలు వాళ్లకి కలిగింది. లేతాకులు ఉడికించి వేయించుకుంటారు. వినాయక చవితికి తుమ్మికూర వెతుక్కొచ్చే అమ్మకి ఈ సంగతి నేను చెప్పిన మిగతా అన్నిటికంటే సులువుగా అర్థమైంది. తెంపొద్దు అనే మాట అందరికీ ఒకటే కాదు. తరతరాలుగా ఏది ఎంత తెంపాలో తెలిసిన చేయి వేరు, ఫోటో కోసం బాట దిగిన కాలు వేరు. నేను అమ్మని పోర్టర్స్ క్రీక్‌లో ఆపినప్పుడు ఈ తేడా చెప్పలేదు. కారులో చెప్పాను.

"మరి నీ పెరట్ల నేను తెంపేటియి ఏమన్న ఉన్నయా?"

ఉన్నాయి. గోల్డెన్‌రాడ్. దీనికీ ట్రిలియానికీ పోలిక లేదు, కోస్తే పక్కకి ఇంకా పాకుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో తంగేడంత పసుపు. జనం దాని వల్ల తుమ్ములనుకుంటారు గానీ, అదే వేళకి పూసే రాగ్‌వీడ్ పుప్పొడి చేసే పని అది. రెండేళ్లుగా మా బతుకమ్మ అడుగు వరసల్లో గోల్డెన్‌రాడే పేరుస్తున్నాను. అమ్మ ఆగస్టులో వెళ్లిపోతుంది, ఈసారి కూడా చూడదు. వీడియోలో చూపిస్తానంటే, "పేర్చుడు నేను చెప్త, నువ్వు పేర్చు" అంది.

ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. నేను సామాను దింపుతుంటే అమ్మ లోపలికి రాలేదు. వెళ్లి చూస్తే ఓక్ చెట్టు దగ్గర, ఏటి రాళ్ల వరస పక్కన మోకాళ్ల మీద ఉంది. ఆ రాళ్ల కింద చీమల పుట్ట ఉందని, అక్కడ కాలు పెట్టొద్దని నేనే వారం కిందట చెప్పాను.

"ఇటు రావే. గివి అక్కడ చూసినయే గదా?"

జాలీ గూడు లోపల నా పెద్ద ట్రిలియంలు ఉన్నాయి. రెండేళ్ల కిందట జూన్‌లో వాటిలో ఒకటి కాయ కాసింది. నేను గింజ తీయలేదు. మొలకలు వస్తే గూడు లోపలే వస్తాయని అక్కడే చూస్తూ వచ్చాను. అమ్మ చూపిస్తున్న చోటు గూడుకి నాలుగడుగుల అవతల. రాళ్ల సందులో, చీమలు తోడిపోసిన మెత్తటి మట్టి మీద, చూపుడువేలి కంటే సన్నటి ఒంటాకులు.

అమ్మ లెక్కపెట్టింది. ఆరు. మళ్లీ లెక్కపెట్టి, రాయి నీడలో ఉన్నదాన్ని కలిపి ఏడంది. లోపలి నుంచి రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు తెమ్మంది. వాటిని రెండు పక్కలా గుచ్చి, నా ఆకుల బస్తాలోంచి గుప్పెడు ఎండుటాకులు తీసి, ఒంటాకుల మీద పడకుండా చుట్టూ పరిచింది.

"నీళ్లు పొయ్యాల్నా?" అనడిగింది.

"రేపు పొద్దున" అన్నాను.